దుశ్శాసనుడు పట్టిన హారతి

ఊత్తుకోట మీదుగా ప్రయాణం చేసినవాళ్లు మనలో చాలామందే ఉంటారు. అక్కడ దిగినవాళ్లు తక్కువ. రెడ్‌హిల్స్ దాటి, పెరియపాళెం భవాని అమ్మవారి గుడి దగ్గర వేపాకు కట్టుకుని ప్రదక్షిణలు చేసే భక్తుల్ని దాటుకుంటూ వచ్చే చెన్నై రోడ్డు, ఊత్తుకోట బజారులో కాసేపు ఇరుకై, ఊరు దాటీ దాటగానే ఆంధ్రలోకి వెళ్లిపోతుంది. తిరువళ్లూరు జిల్లాలో ఇదొక తాలూకా కేంద్రం. ఇటు అరణి నది, అటు కృష్ణా నీళ్ల కాలువ, నడుమ పూలంగళ్లు, టీ అంగళ్లు, నాగలాపురం బస్సు కోసం నిలబడ్డ జనం. అంగట్లోవాళ్లు తమిళంలో మొదలుపెట్టి, మన తడబాటు చూసి మాట పూర్తయ్యేలోపు తెలుగులోకి వచ్చేస్తారు. 1960 ఏప్రిల్ 1న సరిహద్దు మారినప్పుడు తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది, సత్యవేడు వైపు పల్లెలు ఆంధ్రకు వచ్చాయి. ఆ రెంటి మధ్య ఉన్న ఊరు ఇది. రెండు వైపులా చుట్టాలున్న ఇళ్లే ఎక్కువ.

నేను వెళ్లింది భారతం చూడటానికి. ఈ ప్రాంతంలో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర, ధర్మరాజుల గుళ్ల దగ్గర ఎండాకాలంలో పద్దెనిమిది రోజుల ఉత్సవం పెడతారు. పగలు భారతం చెప్పిస్తారు, రాత్రి ఆడిస్తారు. అటువాళ్లు తెరుక్కూత్తు అంటారు, మనవాళ్లు వీధినాటకం అంటారు. ఊత్తుకోటకు దగ్గర్లోని ఒక పల్లెలో ఆ రాత్రి జూదమూ వస్త్రాపహరణమూ అని తెలిసి బయల్దేరాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. కొంతకాలంగా నా రాత్రులు రోల్ ప్లేయింగ్ వీడియో గేముల్లో గడుస్తున్నాయి. ఆడేవాడు ఒక పాత్రను ధరించి, ఆ పాత్రగా మాట్లాడి, ఆ పాత్రగా నిర్ణయాలు తీసుకుని, వాటి ఫలితం అనుభవించే ఆటలవి. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కాగితమూ పెన్సిలూ పాచికలతో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చిన దగ్గర్నుంచి ఈ జాతి ఆటలు పెరుగుతూ వచ్చాయి. ఈ మధ్య ఆడినవాటిలో మూడు నన్ను బాగా పట్టుకున్నాయి. వాటిమీద నా అభిప్రాయాలు ఊత్తుకోటలో తిరిగిన తరువాత మరింత గట్టిపడ్డాయి, కొన్ని మారాయి.

ముందు ఊరి సంగతి. బస్టాండు దగ్గర టీ అంగడిలో కూర్చుంటే అంగడామె అడిగింది, "ఎవరింటికి వచ్చినారు నాయనా?"

"ఎవరింటికీ కాదమ్మా. కూత్తు చూద్దామని."

"కూత్తుకా! దానికి పొద్దున్నే వచ్చేస్తే ఎట్ల? రాత్రి పది దాటల్ల గదా."

సాయంత్రం మళ్లీ అటు వెళ్లేసరికి, పక్కన పూలు కట్టే ఆయన నన్ను చూసి, ఆ పల్లెకు షేర్ ఆటో ఎక్కడ దొరుకుతుందో నేను అడక్కముందే చెప్పాడు. పొద్దున చెప్పిన మాట నాకంటే ముందే బజారంతా నడిచింది.

అప్పుడు నాకు కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్ 2 గుర్తొచ్చింది. ప్రాగ్‌లోని వార్‌హార్స్ స్టూడియోస్ 2025 ఫిబ్రవరిలో విడుదల చేసిన ఆట. కాలం 1403, చోటు బొహీమియా, అంటే ఇప్పటి చెక్ దేశం. కమ్మరి ఇంట పెరిగిన హెన్రీ మన పాత్ర. రాక్షసులు లేరు, మంత్రాలు లేవు. కథ మొదట్లోనే దెబ్బలు తిని, చినిగిన బట్టల్లో ఒక పల్లెకు చేరతాం. మనం ఫలానా దొర మనుషులమంటే ఎవరూ నమ్మరు. కోట తలుపు దగ్గరే ఆపేస్తారు. ఒళ్లు కడుక్కోకుండా వెళితే ఎదుటివాళ్లు ముఖం మీదే అంటారు. నెత్తుటి మరకల చొక్కాతో అడిగితే ఒక జవాబు, ఉతికిన బట్టలతో అడిగితే ఇంకో జవాబు. దొంగతనం చేసి దొరికితే బొండకొయ్య వేసి నడివీధిలో నిలబెడతారు. ఆ పల్లెలో చేసిన తప్పు ఆ పల్లె గుర్తుపెట్టుకుంటుంది.

ఈ ఆటను మెచ్చుకునేవాళ్లు చాలామంది దాని రెండో భాగాన్ని, కుటెన్‌బర్గ్ నగరాన్ని పొగుడుతారు. వెండి గనులతో వెలిగిన ఆ పట్నాన్ని, ఇప్పటి కుట్నా హోరాను, వీధివీధిగా కట్టారు. చూడటానికి అద్భుతమే. కానీ నాకు ట్రాస్కీ కోట చుట్టూ ఉన్న చిన్న పల్లెల్లో తిరిగిన మొదటి సగమే ఆట మొత్తానికి ప్రాణం. పట్నంలోకి అడుగుపెట్టాక పనుల జాబితా పెరిగింది, మనుషులు పలచబడ్డారు. ఎవరి కూతురి పెళ్లి ఎవరితోనో, ఎవరికి ఎవరితో మాటల్లేవో తెలిసిన చోటే పాత్ర ధరించడానికి అర్థముంటుంది. చూసేవాడు గుర్తుపట్టకపోతే వేషం ఎవరికోసం?

మధ్యాహ్నం ఎండ తగ్గాక నది దగ్గరికి నడిచాను. అరణిలో అప్పుడు నీళ్లు లేవు. ఇసుక, తుమ్మచెట్లు, పశువులు తొక్కిన దారులు. వానాకాలంలో పిచ్చాటూరు దగ్గరి అరణియార్ జలాశయం నిండి గేట్లెత్తితే ఈ ఊరి కథ మారిపోతుంది. తిరువళ్లూరు వైపు పోయే పాత నేల వంతెన మునిగి, ఇటువాళ్లిటు అటువాళ్లటు ఉండిపోయిన ఏళ్లున్నాయి. తరువాత ఎత్తుగా వంతెన కట్టారు. ఈ నీళ్లు చివరికి పులికాట్ చేరతాయి.

ఫోన్‌లో మ్యాపు తెరవకుండానే నడిచాను. దానికి కారణం క్లెయిర్ అబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33. ఫ్రాన్స్‌లోని మోంట్‌పెల్లియేలో శాండ్‌ఫాల్ ఇంటరాక్టివ్ అనే చిన్న బృందం 2025 ఏప్రిల్‌లో తెచ్చిన ఆట ఇది. ఆ ఏడాది చివర ది గేమ్ అవార్డ్స్‌లో మేటి ఆటగా ఎన్నికైంది. తెరమీద మూలగా ఉండే చిన్న మ్యాపు అందులో ఉండదు. కళ్లతో చూసి, విరిగిన స్తంభాన్నో ఎర్రచెట్టునో గుర్తుపెట్టుకుని వెళ్లాలి. మొదట విసుగనిపించింది. కాసేపటికి ఆ లోకం నా బుర్రలో పాతుకుపోయింది. ఇప్పటికీ దాని దారులు చెప్పగలను. తెరనిండా గుర్తులు పెట్టిన ఎన్నో పెద్ద ఆటల్లో నేను నడిచిన చోట్లు ఒక్కటీ గుర్తు లేవు, ఎందుకంటే అక్కడ నేను చూసింది ఊళ్లను కాదు, బాణం గుర్తును.

ఆ ఆట కథ మనసును పిండేస్తుంది. ల్యూమియేర్ అనే పట్నానికి దూరంగా ఒక చిత్రకారిణి ఏటా ఒక అంకె మారుస్తుంది. ఆ వయసువాళ్లంతా పూలరేకుల్లా రాలి మాయమవుతారు. అంకె ఏటేటా తగ్గుతూ ముప్పై మూడుకు వచ్చింది. అంటే ఆ ఊళ్లో తాతలు లేరు, అవ్వలు లేరు. ముప్పై రెండేళ్లవాడే అందరికంటే పెద్ద. ఏడాది మాత్రమే మిగిలిన గుస్తావ్, తన దగ్గర పని నేర్చుకునే పిల్లల గురించి పడే ఆరాటం ఆ ఆటలో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం. వంతులవారీ పోరు, సరైన క్షణంలో దెబ్బ కాచుకోవడం, లోరియన్ టెస్టార్ సంగీతం, అన్నీ గొప్పవే. కథ చివరి మూడో వంతులో తిరిగే మలుపు మాత్రం నాకు పూర్తిగా నచ్చలేదు. అప్పటిదాకా మనం ప్రేమించిన ఊరివాళ్ల బరువును అది కొంత తగ్గించింది. అయినా పెద్దలు లేని ఊరు ఎలా ఉంటుందో ఆ ఆట చూపినంత బాధగా నేను ఎక్కడా చూడలేదు. దాని విలువ ఆ రాత్రి వేషాలు కట్టే చోట బాగా తెలిసింది. ఆ సంగతికి వస్తాను.

నది నుంచి కాలువ వైపు వెళ్తే జీరో పాయింట్ అనే చోటు. శ్రీశైలంలో బయల్దేరిన కృష్ణా నీళ్లు సోమశిల, కండలేరు మీదుగా వచ్చి, కండలేరు నుంచి 152 కిలోమీటర్ల కాలువ పారి తమిళనాడులో అడుగుపెట్టేది ఇక్కడే. ఇంకో 25 కిలోమీటర్లు పోతే పూండి జలాశయం, అక్కణ్నుంచి చెన్నై కుళాయిలు. 1983 ఏప్రిల్‌లో ఈ ఒప్పందం మీద సంతకాలు చేసిన ముఖ్యమంత్రులు ఎన్.టి. రామారావు, ఎం.జి. రామచంద్రన్. ఇద్దరూ వేషాలు కట్టి జనం గుండెల్లోకి వెళ్లినవాళ్లు. రామారావు 1977లో దాన వీర శూర కర్ణలో కృష్ణుడు, కర్ణుడు, సుయోధనుడు మూడూ తానే అయ్యాడు. ధర్మపక్షాన్నీ ప్రతిపక్షాన్నీ ఒకే ఒంటిమీద మోయడం మామూలు పని కాదు. మన జనం సుయోధనుడి వైపు నుంచి కూడా ఆలోచించేలా చేసిన సినిమా అది.

ఆ సంతకాల తరువాత నీళ్లు పూండి చేరింది 1996లో. పదమూడేళ్లు. నిర్ణయాలకు ఫలితం ఉంటుందని గొప్పగా చెప్పుకునే ఆటలు చాలా ఉన్నాయి గానీ, వాటిలో ఫలితం అయిదు నిమిషాల్లో, తెర మూల ఒక వాక్యంగా వచ్చేస్తుంది. పోలండ్ వాళ్లు 2015లో తెచ్చిన ది విచర్ 3 ఇందుకు భిన్నంగా ఉన్నందుకే ఇంకా బతికుంది. ఎప్పుడో దయతో చేసిన పని, ఎన్నో గంటల తరువాత, మనం మర్చిపోయాక, ఒక పల్లె నాశనంగా ఎదురొస్తుంది. కాలువ గట్టుమీద నిలబడితే అలాంటి ఆలస్యానికి ఎంత బలముందో తెలుస్తుంది.

సురుటుపల్లి ఊత్తుకోటకు కూతవేటు దూరం. కానీ అది ఆంధ్ర, ఇప్పుడు తిరుపతి జిల్లా. అక్కడి పళ్లికొండేశ్వరుడు పడుకుని ఉంటాడు. శివుడు లింగరూపంలో కాకుండా, హాలాహలం మింగి సొమ్మసిల్లి, పార్వతీదేవి ఒడిలో తల పెట్టుకుని శయనించిన రూపం. చుట్టూ దేవతలూ ఋషులూ ఆందోళనగా నిలబడి ఉంటారు. ప్రదోషం రోజున రెండు రాష్ట్రాల జనం కిక్కిరిసిపోతారు. నేను వెళ్లింది మామూలు రోజు కాబట్టి చాలాసేపు నిలబడి చూడగలిగాను.

లోకాన్ని కాపాడిన తరువాత కాపాడినవాడు అలసిపోతాడని చెప్పే గుడి ఇది. ఆటల్లో ఈ అలసట కనబడదు. ఒక సీసా తాగితే విషం దిగిపోతుంది, రొట్టెముక్క తింటే గాయం మానిపోతుంది. బాల్డర్స్ గేట్ 3 ఒక్కటే ఈ విషయంలో నన్ను కదిలించింది. బెల్జియంలోని లారియన్ స్టూడియోస్ 2023 ఆగస్టులో విడుదల చేసిన ఆ ఆటలో రాత్రి విడిదికి చేరి నెగళ్ల చుట్టూ కూర్చుంటేనే శక్తి పూర్తిగా తిరిగొస్తుంది. అసలు కథంతా ఆ విడిదిలోనే. పగలు కత్తి పట్టిన సహచరులు రాత్రి తమ భయాలు చెప్పుకుంటారు. ఒకరి పక్కన ఒకరు కూర్చోవడమే వైద్యం. యుద్ధాలు మర్చిపోయాను, ఆ రాత్రుల మాటలు మర్చిపోలేదు.

ఇక భారతం.

పల్లెకు చేరేసరికి పది. గుడి ముందు మైదానంలో చాపలు, దుప్పట్లు, నిద్రపోతున్న పిల్లలు. ఒక వార బల్లమీద హార్మోనియం, మద్దెల, తాళాలు, ముఖవీణ. వెనక కొబ్బరాకుల పందిట్లో వేషాలు కడుతున్నారు. కొయ్య కిరీటాలు, భుజకీర్తులు, అద్దాల బిళ్లలు, నడుముకు గడ్డి చుట్టి పైన బిగించే పావడాలు. డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు కుర్రవాడికి రంగు వేస్తూ, వేస్తూనే పాట అందిస్తున్నాడు. కుర్రవాడు తప్పు పాడితే కనుబొమ గీసే పుల్ల ఆగుతుంది, సరిగ్గా పాడితే కదులుతుంది. పుస్తకం లేదు. ఆయన లేకపోతే ఆ పాట లేదు. ల్యూమియేర్‌లో ఇలాంటి పందిరి ఉండటానికి వీల్లేదని తోచి, ఆ ఆటలో పోయిందేమిటో అప్పుడు పూర్తిగా అర్థమైంది.

పాత్రలు ఒక్కొక్కటిగా తెర వెనక నుంచి వచ్చాయి. ఇద్దరు మనుషులు గుడ్డ పట్టుకుని నిలబడతారు. లోపల్నుంచి ముందు గొంతు వినిపిస్తుంది, తరువాత కాలు, తరువాత కిరీటం. నవ్వించడానికి, కథ కలపడానికి కట్టియక్కారన్ ఉన్నాడు. పాటలు తమిళంలో, మధ్యలో అతని ఛలోక్తులు సగం తెలుగులో. జూదం మొదలయ్యేసరికి అర్ధరాత్రి దాటింది.

పాచికల గురించి ఒక మాట. బాల్డర్స్ గేట్ 3లో ప్రతి కీలక క్షణానికీ ఇరవై ముఖాల పాచిక దొర్లుతుంది. ఓడితే? చాలామంది చేసేది ముందు దాచుకున్న చోటికి తిరిగి వెళ్లి మళ్లీ వేయడం. గెలిచేదాకా వేస్తూనే ఉంటారు. అలా ఆడితే ఆ గొప్ప ఆటలో సగం చచ్చిపోతుంది. 2019లో వచ్చిన డిస్కో ఎలిసియమ్ ఈ మాట బాగా పట్టుకుంది. ఒక్క రేవు పేట, ఒక్క హత్య, తన పేరు కూడా గుర్తులేని పోలీసు. అందులో పాచిక ఓడినప్పుడే కథ తెరుచుకుంటుంది. ధర్మరాజుకు వెనక్కి వెళ్లే వీలుంటే పద్దెనిమిది పర్వాలు ఉండేవి కావు. మైదానంలో కూర్చున్న ప్రతి ఒక్కరికీ పాచిక ఎలా పడుతుందో తెలుసు. అయినా ధర్మరాజు చెయ్యెత్తినప్పుడల్లా నా పక్కనున్న అవ్వ "వద్దు సామీ, వద్దు" అంటూనే ఉంది.

ద్రౌపదిని సభకు తెచ్చే ఘట్టం వచ్చింది. ద్రౌపది వేషంలో ఉన్నది మగాయన. జుట్టు విప్పుకుని నిలబడ్డాడు. దుశ్శాసనుడు ఊగిపోతూ, రంకెలు వేస్తూ ముందుకొచ్చాడు. చెయ్యి చాచాడు. ఆగిపోయాడు.

మద్దెల ఆగింది. ఎవరో కర్పూరం వెలిగించిన పళ్లెం అతని చేతికి ఇచ్చారు. అప్పటిదాకా గర్జించిన ఆ మనిషి ద్రౌపదికి హారతి పట్టాడు. నేలమీద సాగిలపడ్డాడు. తాను చేయబోయేది వేషధర్మమనీ, తల్లి తనను క్షమించాలనీ వేడుకున్నాడు. జనమంతా లేచి నిలబడి చేతులు జోడించారు. పిల్లల్ని కూడా నిద్రలేపారు. ఆ తరువాతే అతను చీర కొంగు పట్టుకున్నాడు. ద్రౌపది పాత్రధారి ఒళ్లు వణికిపోతుంటే ఇద్దరు వెనక నిలబడి పట్టుకున్నారు.

నేనెన్నో ఆటల్లో చెడ్డ దారి పట్టి చూశాను. బాల్డర్స్ గేట్ 3లో ఒక వనంలో తలదాచుకున్న శరణార్థులను కాపాడవచ్చు, లేదా శత్రువుతో చేతులు కలిపి వాళ్లందర్నీ చంపించవచ్చు. రెండో దారి పడితే సహచరుల్లో మంచివాళ్లు మనల్ని వదిలి వెళ్లిపోతారు. ఈ పాటి ఫలితం చూపిన ఆటలే అరుదు. ఆ పనికి మెచ్చుకోవాలి. కానీ ఆ దారిలో వెళ్లినప్పుడు నా వేలు మీటమీద ఆగలేదు. ఏం జరుగుతుందో చూద్దామన్న కుతూహలమే తప్ప లోపల ఏదీ అడ్డుపడలేదు. చెడ్డ పాత్ర కట్టడం ఇక్కడ ఈ పల్లెలో ఎంత పెద్ద పనో చూశాక, ఆ ఆటల్లో లేనిదేమిటో స్పష్టమైంది. ఆటలు చెడు తరువాత శిక్ష పెడతాయి. కూత్తు చెడుకు ముందు అనుమతి అడిగిస్తుంది. శిక్షను తప్పించుకునే ఉపాయం ఆటగాడు ఎప్పుడూ కనిపెడతాడు. అందరి ముందు సాగిలపడి అడగవలసి వస్తే, పాత్రకూ తనకూ మధ్య ఉన్న దూరం ఎంతో అతనికే తెలుస్తుంది.

తెల్లవారుజామున పందిట్లో దుశ్శాసనుడి వేషం కట్టినాయన కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటుంటే పలకరించాను. పగలు వ్యవసాయం, ఎండాకాలం నాలుగు నెలలు ఈ పని.

"ఏళ్ల తరబడి కడతా ఉండారు కదన్నా, ఇంకా భయమేనా?"

"భయం లేకుండా ఎట్లయ్యా? అది అమ్మ చీర."

ఆ రోజు పొద్దుట్నుంచి ఏమీ తినలేదని కూడా చెప్పాడు. దుశ్శాసనుడి రాత్రికి అది ఆయన పెట్టుకున్న నియమం. కర్ణుడి వేషానికి అలాంటిదేమీ లేదట.

చివరి రోజు ఇదే మైదానంలో మట్టితో పడుకున్న దుర్యోధనుణ్ని మనిషికి అయిదారింతల పొడవున చేస్తారు. భీముడు తొడమీద కొడతాడు, ద్రౌపది జడ వేసుకుంటుంది, సాయంత్రం జనం నిప్పులు తొక్కుతారు. అన్ని రోజులూ తిట్టిన దుర్యోధనుడి కోసం ఆ పొద్దున్న ఏడ్చే ఆడవాళ్లు ఉంటారని టీ అంగడామె చెప్పింది. అది చూడకుండానే నాకు చెన్నై వెళ్లవలసి వచ్చింది.

మన పురాణాల మీద మన దేశంలో ఆటలు మొదలయ్యాయి. పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో తెచ్చిన రాజీ: యాన్ ఏన్షెంట్ ఎపిక్‌ను ఇష్టంగా ఆడాను. అందం, కథనం రెండూ ఉన్నాయి. అయితే అది పోరాటాల ఆట, పాత్రను మనమే మలుచుకునే ఆట కాదు. ఇకముందు వచ్చేవి ఆకాశమంత లోకాలు కట్టాలని ఉబలాటపడకుండా ఉంటే బాగుంటుంది. నన్నడిగితే అరణి నదికి రెండు వైపులా నాలుగైదు మైళ్లు చాలు. రెండు భాషలు ఉండాలి. ఏ భాషలో పలకరిస్తే ఏ తలుపు తెరుచుకుంటుందో ఆటగాడు నేర్చుకోవాలి. జలాశయం గేట్లెత్తిన రోజు నేల వంతెన మునిగి, అనుకున్న పని చేయలేక అవతలి ఒడ్డున ఎవరింట్లోనో తలదాచుకోవాలి. టీ అంగట్లో చెప్పిన అబద్ధం సాయంత్రానికి పూలంగడి దాకా వచ్చి ఉండాలి. వేసవి రాగానే ఊరి పెద్దలు మనకో వేషం ఇవ్వాలి, అర్జునుడు కాదు, దుశ్శాసనుడు. పాట నేర్పే పెద్దాయన దగ్గర కూర్చోవాలి, నేర్చుకోకపోతే తెర వెనక నుంచి బయటికి రానివ్వకూడదు. ఆ రాత్రి మైదానంలో, అప్పటిదాకా ఆటలో మనకు అన్నం పెట్టినవాళ్లు, మనతో పోట్లాడినవాళ్లు, మనం అబద్ధం చెప్పినవాళ్లు, అందరూ చాపలమీద కూర్చుని చూస్తుండగా, హారతి పట్టి సాగిలపడితే తప్ప చెయ్యి ముందుకు కదలకూడదు. కదిలించడానికి వేరే ఏ మీటా ఉండకూడదు.